ఎర్ర తొడుగులో తెల్ల కారు

డ్రైవింగ్ టీచరమ్మ తలుపు కొట్టలేదు, గుద్దింది. గుమాస్తా గారు గడియ తీసీ తీయగానే లోపలికి దూసుకొచ్చి కారు తాళాలు బల్ల మీద విసిరింది. అవి జారుకుంటూ వెళ్ళి డిటెక్టివ్ టీ కప్పులో పడ్డాయి.

"మా తమ్ముడు నా కారు నాశనం చేశాడు. వాడే చేశాడని మీరు రుజువు చెయ్యాలి."

డిటెక్టివ్ చెంచాతో తాళాలు పైకి తీశాడు. ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న బళ్ళు తనిఖీ చేసిన మనిషి. ఏ వస్తువునైనా ముక్కు ఆనించి చూస్తాడు కనక ఊరంతా ఆయన్ని భూతద్దం అనే పిలుస్తుంది. గుమాస్తా గారు ముప్పై ఏళ్ళు కోర్టులో రాసి రాసి రిటైరై, ఇప్పుడు ఈయన మాటలు రాసుకుంటున్నారు. భూతద్దం తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని ఆయన నమ్మకం.

"వాడేనని తెలిశాక ఇంక నేనెందుకమ్మా?"

"వాడు ఒప్పుకోవట్లేదు! ఎనిమిది మంది స్టూడెంట్లు చూస్తుండగా చెంప పగలగొట్టాను. అయినా ఒప్పుకోలేదు. ఇంట్లోంచి పొమ్మన్నాను. పోయాడు."

ఆ చివరి మాట మాత్రం మెల్లగా అంది. అలా అన్నందుకూ కోపమొచ్చిందేమో, కుర్చీని కాలితో వెనక్కి తన్నింది.

సంగతి ఇదీ. అది వాళ్ళ నాన్న కారు. నలభై ఏళ్ళు దాంట్లోనే ఊరందరికీ డ్రైవింగ్ నేర్పి, పోతూ పోతూ కూతురికిచ్చాడు. ఒక్క బోల్టు కూడా మారలేదు. పాత కార్లు కొనే బ్రోకర్ ఒకాయన మంచి ధర చెప్పాడు. ఆ డబ్బుతో టీచర్ పక్క కూడా బ్రేకు ఉండే కొత్త కారు కొంటేనే ఆమె స్కూలు నడుస్తుంది. స్టూడెంట్లను పరీక్షకి తీసుకుని నాలుగు రోజులు ఊరెళ్ళింది. తిరిగొచ్చేసరికి కారు కొత్త వేషంలో ఉంది.

టీచరమ్మ షెడ్డులో ఆ వేషం చూసి గుమాస్తా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తెల్ల కారు నెత్తురంత ఎర్రగా ఉంది. లావుపాటి చక్రాలు, వెనక పొయ్యిగొట్టం లాంటి సైలెన్సర్, లోపల కుండంత స్పీకర్లు.

బ్రోకర్ అక్కడే ఉన్నాడు, మొహం చిట్లించుకుని. "బండి పాతబడేకొద్దీ, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉంటేనే విలువండీ. మన సరదాకి తగిలించినవాటికి పైసా రాదు. పైగా ధరలో కోత. విప్పిన అసలు సామాను దొరికితే వేరే సంగతి. ఇప్పుడైతే నాకొద్దు."

"సామాను అమ్ముకునుంటాడు వెధవ!" అంది టీచరమ్మ.

పక్కన మెకానిక్ మేస్త్రీ తల వంచుకుని నిలబడ్డాడు. వాళ్ళ నాన్నకి ప్రాణ స్నేహితుడు, మొదట్నుంచీ ఈ కారుకి వైద్యుడు. టీచరమ్మకి బాబాయ్ వరస. "ఊరుకో తల్లీ. ఎవరికీ వద్దంటే, నీకంత కష్టమైతే, ఏదో ఒక ధరకి నేనే తీసుకుంటాలే," అన్నాడు.

భూతద్దం బానెట్ ఎత్తాడు. స్పీకర్లకి సరిపోయేలా కొత్త బ్యాటరీ, పెద్దది. తర్వాత డోరు అంచున గోటితో గీరాడు. ఎర్ర రంగు రంగు కాదు, అంటించిన ప్లాస్టిక్ తొడుగు. మూల లేస్తే కింద తెల్లరంగు మెరిసింది. చక్రాల నట్లకి నూనె రాసి ఉంది. స్పీకర్ కోసం ఎక్కడా ఒక్క బెజ్జం పడలేదు.

"గుమాస్తా గారూ, టైమెంత?"

"పదీ ఇరవై అండీ."

"కారు గడియారంలో పదీ ఇరవై ఏడు."

"నాన్న పెట్టిన పద్ధతి," అంది టీచరమ్మ విసుగ్గా. "నేర్చుకునేవాళ్ళు పరీక్షకి ఆలస్యం కాకూడదని ఏడు నిమిషాలు ముందుకి పెట్టేవారు. టైమెందుకండీ ఇప్పుడు?"

భూతద్దం బానెట్ మూసేశాడు. గుమాస్తా గారు మాత్రం ఆ ఏడుని రెండు గీతలు గీసి రాసుకున్నారు.

తమ్ముడు స్నేహితుడి సైకిల్ షాపులో దొరికాడు. లారీ హారన్ని స్కూటర్‌కి తగిలించుకుని తిరుగుతాడు కనక వాడి పేరే హారన్ అయిపోయింది. చెంప మీద వాపు పోయింది, కోపం పోలేదు.

"నేను చెయ్యలేదు. ఇంకోసారి అడిగితే మీ చెంపా వాస్తుంది."

"అడగనయ్యా. నీ హారన్ వైరు ఊడినట్టుంది చూసుకో." ఊడదీసింది భూతద్దమే, వస్తూ వస్తూ. గుమాస్తా గారు దగ్గుతో నవ్వు మింగారు.

వాడు ఆ వైరుని పంటితో కొరికి, మెలిపెట్టి, జడకి పెట్టుకునే రబ్బరుతో కట్టేశాడు. అప్పటికే అక్కడ దారప్పోగులూ, చెప్పు తోలు ముక్కా ఉన్నాయి.

"చాలు," అన్నాడు భూతద్దం. "సాయంత్రం షెడ్డుకి రా."

సాయంత్రం మేస్త్రీ, అక్కాతమ్ముళ్ళూ షెడ్డుకి చేరారు. అక్క, తమ్ముడు చెరో గోడకి మొహం పెట్టి నిలబడ్డారు. భూతద్దం సంచిలోంచి డ్రిల్లు తీశాడు.

"అసలు సామాను ఎలాగూ దొరకదు. ఈ స్పీకర్లు ఊగుతున్నాయి. డాష్‌బోర్డుకి నాలుగు బెజ్జాలు కొట్టి బిగించేద్దాం. ఎటూ పోయిన బండేగా!"

డ్రిల్లు గిర్రుమంది.

"ఆపు! చెయ్యి తియ్యి! ముట్టుకున్నావంటే చంపేస్తా!"

అరిచింది టీచరమ్మ కాదు, హారనూ కాదు. మేస్త్రీ అప్పటికే డాష్‌బోర్డుకి అడ్డంగా పడ్డాడు.

భూతద్దం డ్రిల్లు ఆపాడు. దానికి ములుకే లేదు. "లే మేస్త్రీ. కారుని పాడుచెయ్యాలనుకున్నవాడు ఊడబెరుకుతాడు. నువ్వు నట్లకి నూనె రాశావు. తొడుగేసే ముందు పాత రంగుకి పాలిష్ కూడా పెట్టావు. ఇదంతా మళ్ళీ విప్పాలనుకున్నవాడి పని. ఈ పిల్లాడా? వీడు వైరుని పంటితో కొరికి జడ రబ్బరుతో కడతాడు. ఇంత శుభ్రమైన దొంగతనం వీడి తరం కాదు."

"పొగుడుతున్నారా, తిడుతున్నారా?" అన్నాడు హారన్.

"మరి బ్రోకర్?" అంది టీచరమ్మ.

"బ్యాటరీ మారిస్తే గడియారం ఆగుతుందమ్మా. ఆగినదాన్ని ఎవరో మళ్ళీ సరిచేశారు. బయటివాడైతే సరైన టైముకి పెడతాడు. ఇతను ఏడు నిమిషాలు ముందుకి పెట్టాడు. ఆ పద్ధతి తెలిసింది మీ ఇద్దరికీ, మేస్త్రీకి. నలభై ఏళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే తిప్పేసింది. సామాను ఇతని వర్క్‌షాపులో దుప్పట్లలో చుట్టి ఉంటుంది, వెళ్ళి చూడండి."

మేస్త్రీ చేతులు డాష్‌బోర్డు మీదే ఉన్నాయి. "నా చేతుల్లో పెరిగిన బండి తల్లీ ఇది. ఎవడో కొని గాజు గదిలో నిలబెట్టుకుంటాడట! మంచి ధర పెట్టే స్తోమత నాకెక్కడిది? ధర పడితే కొనుక్కుని, మళ్ళీ మొదట్లాగే చేసుకుందామని..."

"నోర్ముయ్!" షెడ్డు రేకులు అదిరాయి. "బండి సంగతి తర్వాత. నేను వీణ్ణి కొడుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు బాబాయ్! నా చెయ్యి పట్టుకుని ఆపావు కూడా. 'పోనీలే, చిన్నవాడు' అన్నావు. ఎంత మనసు నీది, అనుకున్నాను! కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?"

మేస్త్రీ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి చాపింది. అతను మొలతాడుకున్న కారు రెండో తాళం విప్పి ఆ చేతిలో పెట్టాడు.

రెండు రోజులు ఆమె కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటే, అతను ఒక్కో సామానూ తెచ్చి బిగించాడు. అతను నోరు తెరవబోతే పానా చేతికిచ్చేది. కారు మళ్ళీ తెల్లబడింది. బ్రోకర్ పాత ధరకే తీసుకెళ్ళాడు.

హారన్ మాత్రం ఇంటికి రానన్నాడు. "ఎవరి ముందు కొట్టావో వాళ్ళ ముందు చెప్పు."

ఎనిమిది మంది స్టూడెంట్లనీ పిలిపించింది. వరసగా నిలబెట్టింది. "తప్పు నాది. వీడు చెయ్యలేదు."

"గట్టిగా. చివరామెకి వినబడలేదు."

"తప్పు నాదిరా!" అని అరిచింది, కళ్ళల్లో నీళ్ళతో.

వాడు స్కూటర్ హారన్ మీద చెయ్యి వేసి నొక్కాడు. స్టూడెంట్లు చెవులు మూసుకున్నారు. గుమాస్తా గారి పెన్ను కింద పడింది.

"ముందు ఆ దరిద్రం పీకెయ్యి," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "అమ్మేటప్పుడు పైసా రాదు."

"అమ్మితే కదా," అని వాడు స్కూటర్ ఇంటివైపు తిప్పాడు.