నడుస్తుండగానే

"రీస్టార్ట్ జోలికి వెళ్ళావో, ఊరుకోను."

సైమి వేలు మీట మీదే ఆగిపోయింది. ఏడాదిగా పక్క సీటులో ఉన్న ఉర్హో ఎదురుచెప్పడం ఇదే మొదటిసారి. మామూలుగా అతను "ఊఁ" అంటే ఆ రోజు పండగే.

తుర్కు రేవులో ఓడ టికెట్లమ్మే వాళ్ళ ప్రోగ్రామ్ పొద్దున్నుంచి ఓడలో ఒకే గదిని ఇద్దరిద్దరికి అమ్ముతోంది. బయట వాన. కౌంటర్ దగ్గర తడిసిన జనం.

"మరేం చెయ్యమంటావు? ప్రోగ్రామ్ తన పని రాసుకునే లాగ్‌లో ఒక్క ముక్క లేదు," అంది విసుగ్గా. ఎక్కడో దూరాన ఔలు ఊళ్ళో తనకొచ్చిన కొత్త ఉద్యోగానికి ఈ సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. ఉర్హో ఒక్కసారి "వెళ్ళకు" అంటాడేమోనని వారంగా చూస్తోంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఎర్రర్ వస్తేనే నోరు విప్పమని దానికి మనమే చెప్పాం. ఆపితే తప్పు కూడా మాయమవుతుంది. నడుస్తుండగానే అడగాలి."

బుకింగ్ భాగానికి మాత్రం లాగ్ స్థాయిని ఎర్రర్ నుంచి, ప్రతి అడుగూ చెప్పే డీబగ్‌కి మార్చాడు. ఒక్క కమాండ్, అంతే. బెల్లం కొట్టిన రాయిలా ఉన్న ప్రోగ్రామ్ గడగడా మాట్లాడసాగింది. ఎవరు ఏ గది అడిగారు, ఎవరు బ్యాంకు జవాబు కోసం ఆగారు, అన్నీ తెర నిండా కురుస్తున్నాయి. టికెట్ల అమ్మకం క్షణం కూడా ఆగలేదు. సైమి తెర మీదికి వంగింది.

"లోపల ఇంత జరుగుతోందా..."

"ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. మనం అడగలేదు."

బ్యాంకు జవాబు ఆలస్యమైతే, పట్టి ఉంచిన గదిని ప్రోగ్రామ్ వదిలేసి ఇంకొకరికి అమ్మేస్తోంది. ఉర్హో దాన్ని సరిచేసి, స్థాయిని మళ్ళీ ఎర్రర్‌కి దించేశాడు.

"ఎందుకు తగ్గించావు? బాగుంది కదా."

"అలాగే వదిలేస్తే ఈ రాతలతోనే డిస్క్ నిండిపోతుంది."

సైమి కుర్చీ అతని వైపు తిప్పింది. "సాయంత్రం ఔలు వాళ్ళకి జవాబు చెప్పాలి. నీ లోపల ఏమీ జరగడం లేదా, ఉర్హో?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"తడిసిన గ్లౌజులు హీటర్ మీద పెడతావు. ఆ ఉన్ని వాసన వస్తే నువ్వొచ్చావని తెలుస్తుంది. సగం యాలకుల బన్ను నాకు వదిలేసి ఆకలి లేదంటావు, అబద్ధం. ఔలు రైళ్ళ టైములన్నీ కంఠతా పట్టాను. వెళ్ళకు అనాలని నోటిదాకా వచ్చేది. అనడానికి నేనెవర్నని..."

ఈ మనిషిలో ఇన్ని మాటలా!

"ఇక తగ్గిస్తాను," అన్నాడు సిగ్గుపడి.

"వద్దు. ఔలు వాళ్ళకి రానని చెప్పేస్తా. నువ్వు మాట్లాడుతూ ఉండు."

"డిస్క్ నిండిపోతుంది, సైమీ."

"నిండనీ," అంటూ ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.