తబిత కొలిచిన దూరం

"దాన్ని పూర్తిగా సాగదీయండి."

సిరిల్ తల తిప్పి చూశాడు. పసుపు రంగు రెయిన్‌కోటు, మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు, చేతిలో టేపు. అతను ఖరగ్‌పూర్‌లో రైలు దిగి రెండు గంటలైనా కాలేదు. అప్పుడే, షూటింగ్ జరిగే గోదాం ముందు, ఎవరో అమ్మాయి వచ్చి అతని మైకు కర్ర మీద చెయ్యి వేసింది.

"ఏటికండీ?"

"కొలవాలి."

"ఎనిమిదేళ్ళ నుంచి సౌండ్ రికార్డింగ్ చేస్తున్నాను. ఈ కర్రని ఇంతవరకూ ఎవరూ కొలవలేదు."

"నేను కొలుస్తాను. ఆ కొస పట్టుకోండి."

మరో మాటకు చోటివ్వని గొంతు. కర్ర నాలుగున్నర మీటర్లు తేలింది.

"ఇప్పుడు షాట్‌లో ఎలా పట్టుకుంటారో అలా తల మీదకి ఎత్తి చూపించండి."

అతను ఎత్తబోయాడు.

"ఇక్కడ కాదు!" ఆమె అతని మోచెయ్యి పట్టుకుని గోదాం గోడ దాకా వెనక్కి లాక్కెళ్ళింది. అక్కడ నిలబెట్టి పైకి చూపించింది. గోదాం ముందున్న పట్టాల మీదుగా ఒక కరెంటు తీగ సాగి ఉంది. "అది నేలకి ఐదున్నర మీటర్ల ఎత్తు. మీరూ మీ కర్రా కలిస్తే ఆరున్నర. ఇరవై ఐదు వేల వోల్టులండీ. ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికెల్తే అదే దూకుతాది. అందుకే రెండు మీటర్ల లోపలికి ఏదీ వెళ్ళకూడదు."

"ఇది కార్బన్ ఫైబర్. ప్లాస్టిక్ లాంటిదే కదా..."

"మీకు ప్లాస్టిక్ లాంటిది. కరెంటుకి ఇనుము లాంటిది."

సిరిల్ చేతిలోని కర్రను తిప్పి చూశాడు. ఎనిమిదేళ్ళుగా రోజూ భుజాన మోస్తున్న వస్తువు గురించి తనకీ సంగతి తెలియదు!

ఆమె పేరు తబిత. విశాఖ నుంచి వచ్చిన పన్నెండు మంది వెబ్ ఫిల్మ్ యూనిట్‌కి స్థానికంగా కుదిరిన సేఫ్టీ మనిషి. షూటింగ్ జరిగే ప్రతి చోటుకీ ముందుగా వెళ్ళి, అక్కడ ఎవరికి ఏ ప్రమాదం రావచ్చో, రాకుండా ఏం చెయ్యాలో కాగితం మీద రాసివ్వడం ఆమె పని. వాళ్ళ నాన్న కృపారావు రైల్వేలో ముప్ఫై రెండేళ్ళు ఇలాంటి తీగలే బాగుచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కూతురితో ఖరగ్‌పూర్‌లోనే, ఝపటాపూర్‌లో ఉంటున్నాడు.

దర్శకుడు అమర్‌నాథ్‌కి ఆ గోదాం తెగ నచ్చేసింది. పట్టాల మీద గోడలు లేని ఒక చదును వ్యాగన్ నిలబడి ఉంది. జోరువానలో హీరోయిన్ షైని దాని మీదకెక్కి, గొడుగు పైకెత్తి, ప్రేమించినవాడికి వీడ్కోలు చెప్పాలి. గోదాం వాళ్ళ అనుమతి మర్నాడు ఒక్కరోజుకే.

"తీగలో కరెంటు లేదంట తబితా," అన్నాడతను. "వాచ్‌మన్ చెప్పాడు."

గోదాం వాచ్‌మన్, ఎప్పట్నించో లేదన్నట్టు, గట్టిగా తలూపాడు. "కరెంట్ నేయ్ దీదీ! కబే థేకే బంద్!"

"ఠీక్ హై దాదా. కాగితం ఉందా?"

కాగితం లేదు.

"అయితే ఉన్నట్టే లెక్క," అంది తబిత. "రైల్వే ఆఫీసుకి మెయిల్ పెట్టినాను. రేపు పొద్దున్నకి జవాబొస్తాది."

అమర్‌నాథ్ విసుగ్గా సిరిల్ వైపు తిరిగాడు. "నీ కర్రతోనే కదా గొడవ మొదలైంది. నువ్వే ఆవిడతో తిరిగి, ఇంకా ఏమేం కొలుస్తుందో చూసి రా."

సిరిల్ ముఖం మాడ్చుకునే బయల్దేరాడు. గంట గడిచేసరికి ముఖం మాడ్చుకోవాలన్న సంగతే మరిచిపోయాడు.

తబిత నడిచే తీరే వేరు. షైని ఎక్కడ కాలు పెడుతుందో అక్కడ తనూ కాలు పెట్టి చూసింది. కెమెరా వెనక్కి జరిగితే ఎంత దూరం జరగవచ్చో తను వెనక్కి నడిచి చూసింది. గడ్డిలోకి ఒక కర్ర పొడిస్తే అది మోకాలి లోతు దిగిపోయింది. కింద మూత విరిగిన కాలువ! అందరూ అరగంటగా దాని పక్కనే తిరుగుతున్నారు.

గేటు దగ్గర టీ కొట్టు జోగమ్మది. ఆవిడ దగ్గర తబిత అడిగిన ప్రశ్నలు విని సిరిల్‌కి నవ్వొచ్చింది.

"వానొస్తే నీళ్ళు ఎటు నిలుస్తాయి జోగమ్మత్తా?"

"ఆ తూరుపేపు మూలకే తల్లీ. అరగంట గట్టిగా పడిందంటే సీలమండల దాకా వచ్చెత్తాది."

"పాములు?"

"ఆ సెక్కల గుట్టకాడ ఉంటాయి. మొన్న కూడా ఒకటి సూసినాను. నల్ల కుక్క ఉంది సూడు, దాని కాడికి మాత్రం ఎల్లకండి, ఈనింది."

తబిత అన్నీ రాసుకుంది. నవ్వుతున్న సిరిల్‌ని చూసి కాగితం అతని చేతిలో పెట్టింది. "చదివి నవ్వండి."

అతను వాన చినుకుల కింద కాగితానికి చెయ్యి అడ్డం పెట్టుకుని చదివాడు. నాలుగు పేజీలు. మూడో పేజీలో తన గురించే రాసి ఉంది. 'సౌండ్ మనిషి చెవులు మూసి ఉంటాయి. వెనక నుంచి పిలిస్తే వినపడదు. ఆయన భుజం తట్టడానికి ఒక మనిషి ఉండాలి.'

ఎనిమిదేళ్ళలో అతని గురించి ఎవరూ ఇంతలా ఆలోచించలేదు. కాగితంలోంచి తలెత్తేసరికి తబిత వానలో తడుస్తూ కాలువ చుట్టూ ఎర్ర రిబ్బను కడుతోంది. జడ చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతను చూస్తూ ఉండిపోయాడు.

"ఏటండీ, అయిపోయిందా చదవడం?"

"అయింది. ఒక తప్పుంది."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఎక్కడ?"

"జనరేటర్‌ని తూర్పు మూల పెట్టమని రాశారు. నీళ్ళు నిలిచేది అక్కడే అని జోగమ్మ ఇప్పుడేగా చెప్పింది."

తబిత కాగితం లాక్కుని చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే. పొద్దున రాసినాను అది." కొట్టేసి పడమర అని రాసింది. తర్వాత మెల్లగా, "థాంక్స్. చివరిదాకా ఎవరూ చదవరు," అంది.

వాన కాస్త తగ్గింది. పట్టాల దగ్గర సిరిల్ ఉన్నట్టుండి ఆగిపోయాడు. సంచిలోంచి చిన్న మైకు తీసి, నేల మీదే నిలబడి, ఎత్తకుండా దాని ముఖం మాత్రం పైకి తిప్పాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"తబిత గారూ. ఒకసారి వినండి."

హెడ్‌ఫోన్స్ ఆమె తలకు తనే పెట్టాడు. తడి జుట్టు వేళ్ళకు తగిలింది. ఆమె ముందు అతని వైపు చూసింది, తర్వాత తీగ వైపు. సన్నగా జుమ్మంటోంది. మధ్య మధ్య నూనెలో నీటిచుక్క పడ్డట్టు చిటపటమంటోంది.

"చచ్చిన తీగ మాట్లాడదు కదండీ?" అన్నాడు సిరిల్.

తబిత ముఖంలో రంగు మారింది. "ఈ చప్పుడు గురించి నాన్న చెప్పీవారు." "సార్‌కి మాత్రం కాగితమే చూపించాలి." ఆ సాయంత్రం వ్యాగన్ చుట్టూ కూడా ఎర్ర రిబ్బను కట్టేసింది.

మర్నాడు తొమ్మిదికల్లా ఆకాశం నల్లబడింది. దర్శకుడు కోరుకున్న వానే. ఆఫీసు నుంచి జవాబు మాత్రం రాలేదు.

"ఒక్క షాట్!" అమర్‌నాథ్ గొంతు పెంచాడు. "పది నిమిషాల పని. మళ్ళీ ఇలాంటి వాన దొరకదు, ఈ చోటూ దొరకదు. ఒక్క మెయిల్ కోసం పన్నెండు మందిని కూర్చోబెడతావా?"

షైని గొడుగు పట్టుకుని రిబ్బను దాకా వచ్చేసింది. "నేను ఎక్కేస్తాను తబితా, నాకేం భయం లేదు."

"నాకుంది," అంది తబిత. రిబ్బను ముందు నుంచి కదల్లేదు. "మీరు వ్యాగన్ ఎక్కి గొడుగెత్తితే, దాని కొసకీ తీగకీ మధ్య మీటరున్నర కూడా ఉండదు. గొడుగు కడ్డీ ఇనుముది. నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకోండి సార్. నేనున్నంతవరకు ఎవరూ ఎక్కరు."

సిరిల్ తన కర్రను పూర్తిగా మడిచి, సంచిలో పెట్టి, జిప్పు లాగాడు.

"అమర్, నేను రికార్డ్ చెయ్యను. ఆ తీగలో చప్పుడు నేను విన్నాను."

అమర్‌నాథ్ ఏదో అనబోయాడు. అప్పుడే తబిత ఫోను మోగింది. ఆమె తెర మీది జవాబు చదివి, ఫోనును అతని చేతికిచ్చింది. తీగలో కరెంటు ఉంది. నిరుడు బాగుచేసి మళ్ళీ కలిపారట. వాచ్‌మన్‌కి ఆ సంగతి తెలియదు.

షైని గొడుగు మూసి, దాన్ని చూస్తూ అక్కడే ఒక పెట్టె మీద కూలబడింది.

అమర్‌నాథ్ ఫోను తిరిగిచ్చాడు. "తబితా... క్షమించు," అన్నాడు. "షూటింగ్ కాన్సిల్."

"కాన్సిల్ ఎందుకు సార్? నాతో రండి."

ఆమె వాళ్ళను గోదాం వెనక వైపుకి తీసుకెళ్ళింది. సరుకు దించే పొడవాటి అరుగు, పైన రేకుల చూరు. దగ్గర్లో తీగలేవీ లేవు. రేకుల అంచు నుంచి వాన నీరు తెరలాగా దిగుతోంది. దాని వెనక మసగ్గా పట్టాలు, సిగ్నల్ ఎర్ర దీపం. అమర్‌నాథ్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "దీన్ని నిన్న ఎందుకు చూపించలేదు?"

"నాలుగో పేజీలో రాసినాను సార్."

సిరిల్ పకపకా నవ్వాడు. పైకి చూసేసరికి నవ్వు ఆగింది. రేకుల మీద వాన దబదబా మోగుతోంది. "డైలాగ్ ఒక్క ముక్క వినపడదు. పైన గోనెలు పరిస్తే చప్పుడు తగ్గుతుంది."

"ఎవరు ఎక్కుతారు?"

"నేను."

"రేకులు తుప్పు పట్టినాయి. దిగండి, ఆ ఆలోచన లోంచి."

కిందే ఉండి చేశాడు. నటుల బట్టల్లో చిన్న మైకులు దాచాడు. వాన హోరులో తబిత 'ఆపండి' అంటే తనకు వినపడాలని ఆమె కాలర్‌కీ ఒకటి పెట్టాడు. మూడు టేకులు. మూడో టేకులో షైని ఏడుపు చూసి లైట్‌బాయ్‌లు కూడా కదల్లేదు. అమర్‌నాథ్ బ్రేక్ చెప్పాడు.

హెడ్‌ఫోన్స్‌లో తబిత గొంతు వినిపించింది. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. "అందరూ బాగున్నారు నాన్నా. ఆ సౌండ్ అబ్బాయి గురించి చెప్పినాను కదా, అతను..."

సిరిల్ చటుక్కున తలెత్తాడు. మరుక్షణం ఆమె మైకు శబ్దాన్ని తగ్గించే మీటను కిందికి దించేశాడు.

పది నిమిషాలకు తబిత పరుగెత్తుకొచ్చింది. కాలర్ పట్టుకుని ఉంది. "ఇది ఆన్‌లో ఉందా ఇంతసేపూ?"

"ఉంది."

"ఏటి విన్నారు?"

"‘ఆ సౌండ్ అబ్బాయి, అతను’ వరకు. తర్వాత మీ గొంతు మూసేశాను. షాట్ మధ్యలో కాదు, బ్రేక్‌లోనే."

"ఎందుకు మూసేసినారు?"

"ఆ మైకు మీరు ఆపండి అనడానికి ఇచ్చింది. మీ నాన్నగారితో మాట్లాడేది నేను వినకూడదు." అతను మైకు తీగను వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "వినాలని మాత్రం చాలా ఉంది."

ఆమె కాలర్ మీద నుంచి చెయ్యి తీసేసింది. చూరు నీళ్ళు ఇద్దరి పాదాల దగ్గర చిట్లుతున్నాయి.

"నా కాగితం చివరిదాకా చదివి, తప్పుంటే తప్పని చెప్పినాడు అన్నాను. అందరిముందూ నా పక్కన నిలబడ్డాడు అన్నాను." గొంతు తగ్గించింది. "ఇలాంటి మనిషి ఎల్లిపోతే నాకు బెంగగా ఉంటాది అన్నాను. ఇప్పుడు మీరు చెప్పండి."

"నిన్న మీరు కాలువ చుట్టూ రిబ్బను కడుతుంటే చూశాను తబితా. ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషులు పడకూడదని వానలో తడుస్తున్నారు. అప్పట్నించి నాకు మరో పని మీద మనసు లేదు. యూనిట్ ఎల్లుండి వెళ్ళిపోతుంది. నేను ఉండిపోతాను, మీరు ఉండమంటే."

ఆమె జవాబు చెప్పేలోపే గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. ప్లాస్టిక్ కోటులో బక్కపలచటి పెద్దాయన దిగి, అరుగు మీదకొచ్చాడు. వానకి ఫోను మధ్యలో తెగిపోయేసరికి కంగారుపడి వచ్చేశాడు కృపారావు. కూతురి ముఖం చూశాడు, కుర్రాడి ముఖం చూశాడు. ఎవరూ చెప్పకుండానే విషయం అర్థమైంది.

"తీగ చప్పుడు విన్నది నువ్వేనా బాబూ?"

"నేనేనండి."

"ఏ ఊరు మీది?"

"విశాఖ, జ్ఞానాపురం అండి."

కృపారావు తల తుడుచుకున్నాడు. "ఆదివారం మా చర్చికి రా. ఆరాధనయ్యాక మా ఇంటికే భోజనానికి. అమ్మాయి మాంసం బాగా వండుతాది."

"నాన్నా!" అంది తబిత. "ఆయన ఉంటారో లేదో ఇంకా..."

"ఉంటానండి," అన్నాడు సిరిల్, ఆమె వైపే చూస్తూ.

తబిత తల దించుకుని నవ్వింది. దించిన తల ఎత్తకుండానే అతని చేతిలోని మైకు తీగ కొస పట్టుకుని, మెల్లగా తన వేలికి చుట్టుకుంది.