పుల్లమ్మ కళ్ళు

పెంటకుప్ప మీద కూసోమన్నా కూసుంట గానీ, జంపయ్య కంప్యూటర్ ముట్టాలంటే మాత్రం నాకు మనసొప్పదు. కీబోర్డ్ నిండా గుట్కా మరకలు. మౌస్ పట్టుకుంటే చేతికి జిగట. అయినా ఫోటో స్టూడియో నడిపే పాత దోస్తు రిపేరుకు పిలిచిండని ఖమ్మంల బస్సెక్కి జూలూరుపాడు వచ్చిన.

ముసురు పట్టి మధ్యాహ్నమే మసకమసకగ ఉంది. స్టూడియో బెంచీ మీద వనజ అనే ఆమె ఒక్కతే కూసుంది. తల్లి పుల్లమ్మ సచ్చిపోయింది, రేపే దినం. బతికున్నప్పుడు దిగిన ఫోటో ఒక్కటి గూడ లేదు. అందుకని శవానికి తీసిన ఫోటోకే కళ్ళు తెరిపించి ఇయ్యాలె. మా దిక్కు స్టూడియోలల్ల ఇది మామూలే. వేరే ఎవరి ఫోటోల నుంచో కళ్ళు కోసి అతికిస్తరు.

"జల్దీ చెయ్యన్నా. కళ్ళు తెరిచిన అమ్మను ఒక్కసారి చూసుకుంట," అని పాపం పొద్దటి సంది బతిమాలుతుందట.

"పని చేస్తున్నంతసేపు కంప్యూటర్ చల్లగనే ఉంటది శివన్నా," అన్నడు జంపయ్య. "ఖాళీగ ఇడిస్తే గ్రాఫిక్స్ కార్డ్ వేడెక్కి సిస్టమ్ బంద్ అయితుంది."

"నీలెక్కనే తిక్క సిస్టమ్," అనుకుంట క్యాబినెట్ ఇప్పిన.

ఛీ! నూనె మాడిన కంపు గుప్పుమన్నది. కార్డ్ ఫ్యాన్‌ల ఎండిన బల్లి. "ఇదిగో నీ తిక్క," అని తోక పట్టి చూపిస్తే జంపయ్య నవ్విండు. కానీ బల్లి కింద వెంట్రుకలు ఉన్నయ్. నెరిసినయ్, ఆముదం రాసినట్టు జిడ్డుగ. గుంజుతుంటే వస్తనే ఉన్నయ్. ఇగ చిప్ మీద వేడి గుంజనీకి పూసే పేస్ట్ తెల్లగ ఎండి ఉండాలె గద? ఇది పచ్చగ, పుండు మీది చీములెక్క ఉంది. గుడ్డతోని తుడిస్తే వేళ్ళకు వెచ్చగ తగిలింది. థూ! సబ్బు అరిగేదాక కడిగినా చేతుల వాసన పోలె.

కొత్త పేస్ట్ పెట్టి, ఫ్యాన్ శుభ్రం చేసి ఆన్ చేసిన. తెర మీద కార్డ్ వేడి నలభై డిగ్రీలు. "అయిపాయె," అన్న. ఇల్లలకంగనే పండుగైతదా? మౌస్ ఇడిచిపెట్టంగనే యాభై ఐదు... డెబ్భై... ఎనభై. ఫ్యాన్ అరుస్తుంది. స్క్రీన్ సేవర్ తీసేసిన. అయినా అంతే. మౌస్ కదిలిస్తే దిగుతుంది. చెయ్యి తీస్తే ఎక్కుతుంది. మనం పని ఆపంగనే ఎవరో మొదలుపెడుతున్నట్టు...

"ఎనకాల ఏం తెరిచిపెట్టినవ్ జంపయ్యా?"

కింద ఒక్కటే ఫైల్ దాగి ఉంది. నొక్కిన. డబ్బా మానిటర్ నిండా ముసలమ్మ మొహం. ముక్కుల దూది. కళ్ళు మాత్రం బార్లా తెరిచి ఉన్నయ్.

"మంచిగ అతికించినవ్. అచ్చం నిజం కళ్ళే."

జంపయ్య మానిటర్ దగ్గరికి వంగిండు. "నేను... ఇంకా అతికించలే అన్నా."

"మరి?"

"పొద్దుగాల మూసే ఉండె..."

మా మాటలు ఇని, ఫోటో అయిందేమో అని వనజ లేచొచ్చింది. చూసింది. ఏడుస్తదనుకున్న. కొంగు నోట్ల కుక్కుకుంది.

"మూసెయ్యన్నా."

"అదేందమ్మా? తెరవమని పొద్దటి సంది పానం తింటివి గద!"

"సచ్చేటప్పుడు గూడ గిట్లనే చూసింది," అన్నది గుసగుసగ. "నన్ను కాదు... నా ఎనక. ఈసారన్న నన్ను చూస్తదేమో అనుకున్న."

"నీ ఎనక ఏముంది?"

"తెల్వది. అప్పటి సంది ఉంది. నేను తిరిగి చూస్తలేను... మూసెయ్ అన్నా!"

మౌస్ కోసం చెయ్యి చాపిన. ఇంకా ముట్టనే లేదు. ఫ్యాన్ ఆగిపోయింది. బయట వాన చప్పుడొక్కటే.

తెర మీద కళ్ళు కదిలినయ్.

మెల్లగ... వనజ దిక్కు నుంచి నా దిక్కు. నన్ను కాదు. నా భుజం మీదికెల్లి, ఎనక్కు.

నా మెడకు ఏదో తగిలింది. వెచ్చగ, జిగటగ. తుడుచుకోను గూడ చెయ్యి లేవలే. జంపయ్య నన్ను చూసి, నోరు తెరిచి, గోడకు ఆనుకున్నడు.

వనజ భయం భయంగ మెడ తిప్పి తన ఎనక చూసుకుంది. బెంచీ. తలుపు. వాన. ఎన్ని దినాలాయెనో, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. మొహం తేటపడ్డది. నా దిక్కు మాత్రం చూడలే.

"ఇగ మూయకు జంపయ్యన్నా," అన్నది. "మా అమ్మ గిట్లనే మంచిగుంది. ప్రింట్ తియ్యి."