ఏడో సొరంగం మూసిన రోజు

ఆ రోజు పొద్దున్న షిఫ్టుకి ఆమె అందరికంటే ముందే వచ్చింది. ఐదువందల మీటర్ల లోతుకి లిఫ్టు దిగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. కింద పగలూ రాత్రీ ఒకటే. తడి బంకమట్టి వాసన, ఫ్యాన్ల రొద.

అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని రాగి పీపాల్లో పెట్టి, చుట్టూ మట్టి దిమ్మెలు పేర్చి, రాతిలో శాశ్వతంగా పాతిపెట్టే చోటు అది. ఆమె అక్కడ కాంక్రీటు పంపు నడుపుతుంది. ఆమె భర్త మట్టి దిమ్మెల బండి డ్రైవరు. నాలుగు నెలల కిందట ఏడో సొరంగంలో కప్పు కూలి అతను లోపలే ఉండిపోయాడు. రెండు రోజులు తవ్వి, రాయి మళ్ళీ జారడంతో ఆపేశారు. మనిషి కనబడలేదని మేస్త్రీ చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె బతుకుతోంది. అతని చొక్కాలు ఉతికి మడతపెడుతూనే ఉంది. అత్తగారు చూసి మొహం తిప్పుకునేది.

ఇవాళ ఆ సొరంగం నోరు మూసేయాలి. ఇంకొకరికి అప్పగిస్తానని మేస్త్రీ ఎంత నచ్చజెప్పినా ఆమె వినలేదు. ఎవరో వచ్చి మూస్తుంటే తను ఇంట్లో కూర్చోలేనంది.

గోడ నడుము దాకా లేచింది. తల దాకా లేచింది. పైన జానెడు సందు మిగిలింది. గొట్టం సర్దడానికని పంపు ఆపింది.

అప్పుడు దగ్గు వినబడింది.

పొద్దున్నే మొహం కడుక్కుంటూ అతను దగ్గే దగ్గు. తర్వాత రాళ్ళ మీద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు... ఆగింది... మళ్ళీ...

"ఇదిగో... వస్తున్నా. మూసెయ్యకు."

పెళ్ళయిన పన్నెండేళ్ళలో అతను ఆమెని పేరుపెట్టి పిలిచింది లేదు. ఎప్పుడూ "ఇదిగో" అనే. ఆమె సందు దగ్గరికి పరుగెత్తబోతే మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు.

"మీకూ వినబడిందా?" అంది గొణుగుతూ.

"వినబడింది. పంపు వెయ్యి తల్లీ."

"బతికున్నాడు..."

మేస్త్రీ అప్పుడు చెప్పాడు. రెండో రోజు రాళ్ళ సందులోంచి తను అతని దాకా పాకి వెళ్ళాడట. అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. లాగుదామనేలోపు కప్పు మళ్ళీ కూలింది. వదిలేసి పారిపోయి వచ్చానని ఇన్నాళ్ళూ ఆమె మొహం చూసి చెప్పలేకపోయాడట.

"నా చేత్తోనే కళ్ళు మూశానమ్మా. వాడు కాదది."

"ఇదిగో..." ఈసారి మరీ దగ్గరగా.

ఆమె పంపు వేసింది. ఏడుస్తూనే, రెండు చేతులతో గొట్టం పట్టుకుని, సందు పూడేదాకా ఆపలేదు. ఆ రొదలో లోపలి నుంచి ఇంకేమైనా వినబడిందో లేదో ఆమెకి తెలీదు. సాయంత్రం ఇంటికెళ్ళి చొక్కాలన్నీ పెట్టెలో సర్దేసింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని తెల్లారేదాకా ఏడ్చారు.

ఏడో సొరంగం నోటి నుంచి లిఫ్టు దాకా రాతి గోడలో వేడి కొలిచే సెన్సర్లు వరసగా పన్నెండు ఉన్నాయి. అక్కడి రాయి ఎప్పుడూ చల్లనే, పద్నాలుగు డిగ్రీలు. పది రోజుల తర్వాత కంప్యూటర్ గదిలో పనిచేసే అమ్మాయి ఆమెని పిలిచి చూపించింది. ఒక్కదాంట్లో మాత్రం ముప్పై ఏడు. మనిషి ఒంటి వేడి. యంత్రం పాడైందేమోనని మార్చి చూసినా అంతేనట.

మొదటి రోజు అది మూసిన గోడ పక్కనున్న సెన్సర్‌లో కనబడింది. నిన్న తొమ్మిదో దాంట్లో.

ఇవాళ పదో దాంట్లో.