టైలరమ్మను గుద్దినవాడు

"మీ అబ్బాయా అమ్మా?" అని అడిగింది ఫిజియో, తలుపు దగ్గర వీల్‌చెయిర్ పట్టుకుని నిలబడ్డ ఆరడుగుల మనిషిని చూపిస్తూ.

"కాదు డాక్టరమ్మా," అంది టైలరమ్మ, బల్లమీద ఎడమకాలు మెల్లగా చాపుకుంటూ. "నన్ను గుద్దినవాడు."

ఫిజియో చెయ్యి నూనె సీసా మీదే ఆగిపోయింది. ఇంకోసారి చూసింది. గడ్డం పెరిగింది కానీ, ఆ మొహం తెలియనిదేం కాదు. రెండేళ్ళ కిందటి దాకా ఊళ్ళో సగం గోడలమీద ఉన్న మొహమే. గోల్‌కీపర్‌గా బంతి దాటనివ్వడని ఫుట్‌బాల్ అభిమానులు అతన్ని 'గోడ' అని పిలిచేవారు. ఓ సాయంత్రం మ్యాచ్ గెలిచిన ఉత్సాహంలో తాగి కారు నడిపాడు. కుట్టిన స్కూలు యూనిఫాంల మూట పట్టుకుని రోడ్డు దాటుతున్న ఈవిడ కాలుమీద నుంచి పోనిచ్చాడు. రెండేళ్ళు జైల్లో ఉండి, నెల కిందటే బయటికొచ్చాడు.

"మీరు బయటికి వెళ్ళండి," అంది ఫిజియో.

"వీల్‌చెయిర్ ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

"వీల్‌చెయిర్‌కి ఇక్కడ చోటుంది. మీకు లేదు."

అతను మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. దానికీ ఆమెకి ఒళ్ళు మండింది. ఎదురు తిరిగితే నాలుగు దులిపేద్దామని సిద్ధంగా ఉంది మరి.

"మీరెలా రానిచ్చారమ్మా అతన్ని?"

"వారం కిందట పూలగుత్తి పట్టుకుని ఏడుపు మొహంతో మా ఇంటికొచ్చాడు. నీ ఏడుపు నాకెందుకు నాయనా, మంగళవారం, శుక్రవారం నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళే మనిషి కావాలి అన్నాను. లైసెన్సు పోయిందిగా, బస్సులోనే తెచ్చాడు. ఎవరో కుర్రాళ్ళు సెల్ఫీ అని మీదపడితే, ముందు నా సంచీ పట్టుకోండ్రా అన్నాను. ఒక్కడూ ఆగలేదు."

ఫిజియోకి నవ్వొచ్చింది, కోపమూ తగ్గలేదు. ఆ గదిలో పదేళ్ళుగా పనిచేస్తోంది. అక్కడికి విరిగిన కాళ్ళు వచ్చేవి, వాటిని విరగ్గొట్టినవాళ్ళు ఏనాడూ వచ్చేవారు కాదు. వచ్చిన మొదటివాడితో ఎలా మాట్లాడాలో ఆమెకి తెలియలేదు.

ఇంటికెళ్ళేసరికి టీవీలోనూ అతనే. 'గోడకి రెండో అవకాశం ఇవ్వాలా, వద్దా?' అని నలుగురు కోట్లేసుకుని అరుచుకుంటున్నారు. ఆమె తండ్రి బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు, ముప్ఫై ఏళ్ళుగా ఆ క్లబ్ అభిమాని. కుర్చీ అంచుమీద కూర్చుని చూస్తున్నాడు.

"ఇవ్వకపోతే ఎలాగమ్మా? శిక్ష అనుభవించాడా లేదా? వాడు లేక మనవాళ్ళు ఈ ఏడాది ఎన్ని గోల్సు తిన్నారో చూశావా?"

"అదే నాన్నా నీ లెక్క. గోల్సు తినకుండా ఉంటే ఆవిడ కాలు తిరిగొచ్చేస్తుందా? అదే సంవత్సరం తాగి గుద్దిన లారీ డ్రైవర్ ఉన్నాడు. వాడి గురించి టీవీలో ఎవరైనా మాట్లాడారా? వాడికి పని ఎవరిచ్చారో కనుక్కున్నారా? బంతి పట్టుకోవడం వస్తే రెండో అవకాశం, స్టీరింగ్ పట్టుకోవడమే వస్తే లేదు."

"అబ్బో," అన్నాడు తండ్రి, సౌండు పెంచుతూ.

"గంటనుంచి వాగుతున్నారు. ఒక్కడైనా ఆవిడని అడిగాడా?"

తండ్రి రిమోట్ నొక్కి ఛానెల్ మార్చేశాడు.

మంగళవారాలు, శుక్రవారాలు గడిచాయి. అతను వరండాలో బెంచీమీద కూర్చునేవాడు. మూడో వారానికి ఫిజియోకి మనిషి సాయం అవసరమై, "లోపలికి రండి, ఈ తువ్వాలు పట్టుకోండి" అంది. నాలుగో వారానికి అతను, పట్టుకుని నడిచే కమ్మీల మధ్య టైలరమ్మ పక్కనే నడుస్తున్నాడు.

"అంత దగ్గరగా వద్దు. ఆవిడ బంతి కాదు, పడకముందే దూకి పట్టుకోవడానికి."

"పడితే?"

"పడాలి. లేవడం నేర్పుతున్నాను."

అతను ఒకడుగు వెనక్కి వేశాడు. టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నా కాలు సంగతి చూడండి ముందు" అంది.

ఓ శుక్రవారం అతను ఏకంగా కుట్టుమిషన్ కింది ఇనుప స్టాండు భుజాన వేసుకొచ్చాడు. రెండు బస్సుల్లో కండక్టర్లతో పోట్లాడి తెచ్చాట్ట. "ఈ సాగే బెల్టుతో చేసే వ్యాయామం ఆవిడకి విసుగ్గా ఉంది మేడమ్. పెడల్ అయితే తొక్కుతారేమోనని."

టైలరమ్మ ఆ పెడల్‌మీద పాదం పెట్టింది. వంకరపోయిన పాదం రెండుసార్లు జారింది, మూడోసారి ఆనింది. చక్రం తిరిగింది. ఆవిడ పావుగంట అలా తొక్కుతూనే ఉంది.

"ఇది నాకు తట్టాల్సిన ఆలోచన," అంది ఫిజియో, ఒప్పుకోవడం ఇష్టంలేని గొంతుతో.

"మీకు తట్టేదే. మీరు నన్ను తిట్టడంలో తీరిక లేకుండా ఉన్నారు."

ఆ రాత్రి ఆమె అద్దంలో చూసుకుంటూ తనని తాను తిట్టుకుంది. శుక్రవారం వచ్చిందంటే జుట్టు రెండుసార్లు దువ్వుకుంటున్నానని అప్పుడే గమనించింది.

తర్వాతి వారం వాన పట్టుకుంది. బస్సు రాలేదు. టైలరమ్మ వీల్‌చెయిర్‌లోనే కునుకు తీస్తోంది. ఆస్పత్రి పోర్టికోలో ఫిజియో, అతను నిలబడ్డారు. గాలికి జల్లు కొట్టినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి ఓ అడుగు వెనక్కి వేస్తున్నారు. చివరికి వెనక్కి వేయడానికి చోటు లేక, భుజాలు తగిలాయి. ఎవరూ జరగలేదు.

"మళ్ళీ ఆడాలనుందా?" అని అడిగింది.

"ఉంది. రోజూ ఉంటుంది. అర్హత ఉందా అంటే మాత్రం తెలీదు." మొహంమీది జల్లు తుడుచుకున్నాడు. "క్లబ్‌వాళ్ళు పిలిచారు. నేనే అంబులెన్స్‌కి ఫోన్ చేశానని పేపర్లో రాయించారు. జనం కరిగిపోతున్నారు."

"చేశారుగా?"

అతను వానకేసే చూస్తున్నాడు. "లేదు మేడమ్. మలుపులో కారాపి ముందు క్లబ్ మేనేజర్‌కి చేశాను. కదలకు, లాయర్ వస్తున్నాడు, ఇంకెవరికీ ఫోన్ చెయ్యకు అన్నాడు. కదల్లేదు. ఇరవై నిమిషాలు కార్లోనే కూర్చున్నాను. చివరికి ఆ దారిన వచ్చిన పళ్ళబండి ఆయన చూసి, అంబులెన్స్‌ని పిలిచాడు."

ఆమె భుజం పక్కకి తీసేసింది. కేసు షీట్‌లో 'ఆలస్యంగా తీసుకొచ్చారు' అన్న మాట ఆమె ఎన్నోసార్లు చదివింది. రక్తం అందక చచ్చిపోయిన కండని వేళ్ళతో రోజూ నొక్కి చూస్తోంది. ఎందుకు ఆలస్యమైందో అందులో ఎవరూ రాయలేదు.

"ఆవిడకి తెలుసా?"

"చెప్పలేదు."

"స్టాండు మోసుకొచ్చారు, సంచీలు మోశారు. ఇది మాత్రం దాచుకున్నారు. వచ్చే మంగళవారం లోపు మీరు చెప్పండి. లేదంటే నేను చెప్తాను." ఇంత కోపం అతనిమీదా, అతని భుజం పక్కన హాయిగా నిలబడ్డ తనమీదా అన్నది ఆమెకే తేలలేదు.

మంగళవారం అతను చెప్పాడు. ఫిజియో ఎదురుగానే, నేలమీద మోకాళ్ళపై కూర్చుని చెప్పాడు. టైలరమ్మ పెడల్ తొక్కడం ఆపింది.

"ఆ ఇరవై నిమిషాలు నేనేం చేశానో తెలుసా?" అంది ఆవిడ. "యూనిఫాంలు నెత్తురుకి తడవకుండా మూట పొట్టకింద పెట్టుకున్నాను. సోమవారం బడి తెరుస్తారని. నువ్వు వెళ్ళిపోయావనుకున్నాను. అక్కడే ఉన్నావన్నమాట."

ఆవిడ పెడల్‌మీంచి పాదం తీసేసింది.

"నువ్వు శుక్రవారం రాకు."

శుక్రవారం అతను రాలేదు. ఆవిడ అవస్థపడి ఆటోలో వచ్చింది. ఫిజియో జుట్టు ఒక్కసారే దువ్వుకుంది. ఆ తర్వాతి మంగళవారమూ అంతే.

మళ్ళీ శుక్రవారం నాడు తలుపు కొట్టకుండానే ముగ్గురు లోపలికొచ్చారు. ముందు ఇస్త్రీ నలగని సూటులో క్లబ్ మేనేజర్, వెనకాల కెమెరా పట్టుకున్న మనిషి, వాళ్ళ వెనక తల వంచుకుని అతను.

"నమస్కారమమ్మా," అన్నాడు మేనేజర్ ఓ పెద్ద పూలబుట్ట బల్లమీద పెడుతూ. "ఇవాళ మనవాడు మళ్ళీ సంతకం చేస్తున్నాడు. మీరు చెయ్యి కలిపితే చాలు. మీ పెద్ద మనసు లోకమంతా చూడాలి."

"ఇది చికిత్స గది," అంది ఫిజియో. "మా పేషెంట్ కాలు మీ ఇంటి షోకేసులో బొమ్మ కాదు. కెమెరా ఆపండి."

"రెండు నిమిషాల పని మేడమ్."

"నాకు పెద్ద మనసుందని నీకెవరు చెప్పారు?" అంది టైలరమ్మ. "రెండేళ్ళనుంచి చూస్తున్నాను. టీవీవాళ్ళు క్షమించేశారు, పేపరువాళ్ళు క్షమించేశారు, నువ్వూ క్షమించేశావు. కాలేమో నాది. నన్నెవరూ అడగలేదు."

మేనేజర్ నవ్వు చెదరనివ్వలేదు. "ఎంతైనా, ఆ రోజు అంబులెన్స్ పిలిచి మిమ్మల్ని కాపాడింది ఇతనేగా."

"నేను కాదు," అన్నాడు అతను.

అందరూ తిరిగి చూశారు. అతను కెమెరా ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "పళ్ళబండి ఆయన పిలిచాడు. నేను ఫోన్ చేసింది ఈయనకి. ఇంకెవరికీ చెయ్యకు అని చెప్పింది ఈయన. విన్నది నేను. ఆ తప్పు నాదే. ఈ అబద్ధం మీద మాత్రం నేను సంతకం పెట్టను."

"ఆపు," అన్నాడు మేనేజర్ కెమెరా మనిషితో.

కెమెరా మనిషి ఆపలేదు. "ఆవిడ కుట్టిన యూనిఫాంలే సార్ మా పిల్లలు వేసుకునేది," అన్నాడు.

వారం తిరిగేసరికి ఆ వీడియో చూడనివాళ్ళు లేరు. మేనేజర్‌ని పోలీసులు పిలిచి ప్రశ్నించారు, క్లబ్ ఆయన్ని ఉద్యోగంలోంచి పక్కన పెట్టింది. గోల్‌కీపర్ ఒప్పందమూ పోయింది. టీవీలో మళ్ళీ నలుగురు కూర్చుని, ఇప్పుడు అతనికి ఏ అవకాశమూ ఇవ్వకూడదని అరిచారు. వాళ్ళలో ఇద్దరు కిందటిసారి ఇవ్వాలన్నవాళ్ళే.

టైలరమ్మ అతనికి కబురు పెట్టింది. "మంగళవారం రమ్మను. ఆటోవాడు గుంతలు చూడకుండా తోలుతున్నాడు."

రవాణా కార్మికుల చిన్న జట్టొకటి అతన్ని తీసుకుంది. అక్కడ గోల్‌పోస్టుకి వల కూడా సరిగ్గా లేదు. జనం కొందరు ఖైదీ అని అరిచేవారు. అతను విని ఊరుకునేవాడు. మంగళ, శుక్రవారాలు ప్రాక్టీసుకి రానని ముందే చెప్పుకున్నాడు.

అలా ఏడాది పైన గడిచింది. ఓ శుక్రవారం టైలరమ్మ కర్ర లేకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. ఇక రానవసరం లేదని ఫిజియో కాగితంమీద రాసిచ్చింది. ఆవిడ చీటీ పట్టుకుని మందుల దుకాణం వైపు వెళ్ళింది.

"అయితే మంగళవారం నుంచి నాకిక్కడ పని లేదు," అన్నాడు అతను.

"లేదు."

"మీకు తిట్టడానికి ఇంకెవరైనా దొరుకుతారా?"

"మీ అంత ఓపిగ్గా పడేవాళ్ళు దొరకరు." తువ్వాలు మడతపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ అంది. "మీరంటే నాకిష్టం. ఎంత వద్దనుకున్నా పోవడం లేదు. కానీ ఒకటి. ఆ ఇరవై నిమిషాల మాటొస్తే నేనెప్పుడూ ఆవిడ పక్షమే. పెళ్ళయ్యాకైనా సరే."

పెళ్ళి మాట తనే అనేశానని తెలిసి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"నేనూ ఆవిడ పక్షమే," అన్నాడు అతను.

ఆదివారం అతను ఫిజియో వాళ్ళింటికి వచ్చాడు. విషయం విన్న తండ్రి మొహం మాడిపోయింది.

"కుదరదు," అన్నాడు.

"రెండో అవకాశం ఇవ్వాలన్నావుగా నాన్నా?"

"అది ఆటలో. ఇది మనింట్లో. జైలుకెళ్ళొచ్చినవాడికి పిల్లనెలా ఇస్తాను?"

"గోల్‌పోస్టు ముందు నిలబడటానికి పనికొచ్చినవాడు, మన గుమ్మంలో నిలబడటానికి పనికిరాడా? అంటే నువ్వు క్షమించింది మనిషిని కాదు, వాడి చేతుల్ని. నీకూ ఆ కోట్లవాళ్ళకీ తేడా ఏముంది?"

"మీ నాన్నగారి భయం సబబే," అన్నాడు అతను, ఇంకా తలుపు దగ్గరే నిలబడి. "నా కూతురైతే నేనూ అడుగుతాను."

"నువ్వు నా తరఫున మాట్లాడకు," అన్నాడు తండ్రి.

అప్పుడే మెట్లమీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా. ఫిజియో రమ్మందని మూడంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ టైలరమ్మ లోపలికొచ్చింది. తండ్రి గబుక్కున లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆవిడ కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుంది.

తండ్రి నెమ్మదిగా అడిగాడు. "మీరు ఇతన్ని క్షమించారా అమ్మా?"

ఆ ప్రశ్న ఆవిడని ఒకరు అడగడం అదే మొదటిసారి. ఆవిడ ఎడమకాలు మెల్లగా ముందుకు చాపుకుంది.

"లేదండీ," అంది. "కాలు నొప్పెట్టినప్పుడల్లా తిట్టుకుంటూనే ఉంటాను. అలాగని వీడు ఆడకుండా, పెళ్ళాడకుండా మూల కూర్చుంటే నా కాలికి ఒరిగేదేముంది? వద్దన్న రెండు వారాలు తప్పితే, ఏడాదిన్నరగా చెప్పిన వేళకి రాని రోజు లేదు. నిజం చెప్తే ఒప్పందం పోతుందని తెలిసే చెప్పాడు. నాకు తెలిసింది ఇదీ. పిల్లనిస్తారో మానతారో మీ ఇష్టం. కారు తాళాలు మాత్రం అమ్మాయి దగ్గరే ఉంచండి."

తండ్రి కూతురివైపు చూశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, ఆవిడకి ఓ గ్లాసు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తిరిగి వెళ్ళి మరో రెండు గ్లాసులు తెచ్చాడు. ఒకటి కూతురి చేతిలో పెట్టాడు. రెండోది పట్టుకుని కాసేపు తటపటాయించాడు.

"అక్కడే నిలబడ్డావేం," అన్నాడు చివరికి, అతనివైపు గ్లాసు చాపుతూ. "లోపలికొచ్చి కూర్చో."