వేడికే కనిపించే మాట

"మనం మగ్గులు అమ్మడం లేదు సార్, అనుభూతి అమ్ముతున్నాం," అన్నాడు యజమానితో, కొత్తగా చేరిన సోషల్ మీడియా కుర్రాడు.

మగ్గుల మీద అచ్చువేసే హీట్ ప్రెస్ దగ్గరున్న యజమాని కూతురు తల తిప్పకుండానే అడిగింది. "అనుభూతి పగిలితే వాపసు తీసుకుంటామా?"

కంపెనీల పేర్లు అచ్చువేసిన పెన్నులు, గొడుగులు, మగ్గులు అక్కడ తయారవుతాయి. అందరి బ్రాండునూ నిలబెట్టే ఆ సంస్థ సొంత బోర్డులో మాత్రం రెండు అక్షరాలు రాలిపోయి ఉండేవి. కుర్రాడు మొదట వాటిని అతికించాడు. ఆ తరువాతే సంస్థ పేరిట సోషల్ మీడియా పేజీ తెరిచాడు.

అతడి సిద్ధాంతాలను ఆమె పరీక్షించకుండా ఒప్పుకునేది కాదు.

"సాయంత్రం పోస్టుకి రీచ్ ఎక్కువండీ, ఎక్కువమంది చూస్తారు."

"ఉదయం పెట్టి చూశారా?"

"లేదు."

"మరి దేనికంటే ఎక్కువ?"

మర్నాటి నుంచి అతడు రెండు పూటలా పెట్టాడు. ఉదయమే నెగ్గింది. ఓడిపోయినందుకు అతడికి కలిగిన సంతోషానికి మార్కెటింగు శాస్త్రంలో వివరణ లేదు.

ఇంతలో వేరే ఊరి పెద్ద ఏజెన్సీ ఒకటి అతణ్ణి రమ్మంది. వెళ్ళాలని లేదు; ఉండటానికి ఆమె నోటి నుంచి ఒక్క మాట కావాలి. అడిగే ధైర్యం లేక మ్యాజిక్ మగ్గును ఆశ్రయించాడు. అందులో మ్యాజిక్ ఏమీ లేదు. వేడి తగిలితే నల్లపూత పారదర్శకమై అడుగునున్న అచ్చు బయటపడుతుంది. చల్లారితే మళ్ళీ నలుపే. ఆమె భోజనానికి వెళ్ళిన వేళ తన మాట తానే అచ్చువేసుకుని, మరిగే నీళ్ళతో సరిచూసుకుని, సాయంత్రం ఆమె బల్ల మీద పెట్టాడు.

"మీకే. వాడుకోండి."

"థాంక్స్."

ఆమె రోజూ ఆ మగ్గుతోనే తాగింది. ముఖంలో ఏ మార్పూ లేదు. ఇదే సమాధానమని నిర్ధారించుకుని అతడు రాజీనామా ఇచ్చేశాడు. పరిశీలన సరైనదే, నిర్ధారణ తప్పు. పగలంతా హీట్ ప్రెస్ ముందు ఉడికే మనిషి అందులో తాగింది ఫ్రిజ్ నీళ్ళు. అచ్చు వేయని ఖాళీ మగ్గనే ఆమె అనుకుంది. అటువంటివి గది నిండా ఉన్నాయి మరి.

చివరి రోజున, సంచి భుజాన వేసుకునే, అతడు ఫోను పట్టుకుని సంస్థ పేజీలో లైవ్ వీడియో మొదలుపెట్టాడు. యజమాని, మ్యాజిక్ మగ్గు గొప్పతనం చెబుతూ, చేతికందిన నల్లమగ్గును కూతురి బల్ల మీది నుంచి తీసి మరిగే నీళ్ళు పోశాడు.

"చూడండి, అక్షరాలు ఎలా వస్తున్నాయో. 'మీరు ఉండమంటే ఉండిపోతాను. మీరంటే నాకిష్టం.' బావుంది. ఇది ఏ కంపెనీ నినాదం బాబూ?"

కుర్రాడు ఫోను దించలేదు. "ఇంకా రిజిస్టర్ కాలేదు సార్."

హీట్ ప్రెస్ టైమరు మోగింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

"ఇది ఎప్పుడు వేశారు?"

"మీకిచ్చిన రోజే."

"నేను చల్లనీళ్ళు తాగుతానని తెలీదా?"

"తాగుతున్నారని చూశాను. ఏం తాగుతున్నారో చూళ్ళేదు."

"అందుకని ఊరు వదిలిపోతారా? ఒక్కసారి అడిగి చూడాలి కదండీ."

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నీళ్ళు చల్లారుతున్న కొద్దీ అక్షరాలు ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి. ఆమె లేచి వచ్చి, మగ్గు ఖాళీ చేసి, కెటిల్‌లోని వేడినీళ్ళు మళ్ళీ పోసింది. మాట మొత్తం తిరిగి వచ్చింది.

"ఎంతసేపని వేడి చేస్తావమ్మా?" అన్నాడు తండ్రి.

"ఆయన సంచి దించేదాకా."

అతడు సంచి దించాడు.

ఫోను తెర మీద ఆమె మేనత్త కామెంటు ప్రత్యక్షమైంది. యజమాని కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు. "'ఎవర్రా తమ్ముడూ ఆ అబ్బాయి?'"

ఆయన కెమెరా వైపు తిరిగాడు.

"మన బోర్డు మీద అక్షరాలు అతికించింది ఇతనే అక్కయ్యా. రెండు వానలు పడ్డాయి. ఊడలేదు."