వెనక సీటు

ఆదివారం పొద్దున్నే మహదియాలోని చెల్లెలింటికి బయల్దేరడానికి మబ్రూకా కొత్త తలగుడ్డ కట్టుకుని సిద్ధమైంది. రొట్టె, ఆలివ్ నూనె తినడం ముగించి, తొమ్మిది నెలల మనవడు ఇలియాస్‌ను చంకనెత్తుకుంది. తమ ఊరు కైరువాన్ నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు సీట్లో, ఒళ్లో మనవడితో కూర్చోవడం ఆమెకు అలవాటు.

ఆ రోజు కారు తలుపు తీయగానే వెనక ఒక పిల్లల సీటు బిగించి కనిపించింది. కోడలు విదాద్ బిడ్డను అందుకుని అందులో కూర్చోబెట్టి, పట్టీలు బిగించింది.

"ఆరుగురిని పెంచిన చేతులివి. వీటికన్నా ఆ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కువైందా?" అంది మబ్రూకా.

కొడుకు నజీబ్ తల్లికీ భార్యకీ మధ్య నలిగిపోతూ, ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తున్నారని ఏదో సర్దిచెప్పబోయాడు. తన కాలంలో ఒక్కో కారులో పదిమంది పిల్లలం కూర్చునేవాళ్లమని, ఎవరికీ ఏమీ కాలేదని తల్లి అతని నోరు మూయించింది. నజీబ్ బిడ్డ పక్కన వెనక కూర్చున్నాడు. విదాద్ కారు తీసింది. ఆమె మాట మీద ముందు సీట్లో మబ్రూకా కూడా బెల్టు పెట్టుకుంది, మూతి ముడుచుకునే.

ఊరు దాటగానే ఇలియాస్ ఏడుపు అందుకున్నాడు. బిడ్డను ఇటు ఇమ్మని మబ్రూకా వెనక్కి చేతులు చాచింది. విదాద్ కారును రోడ్డు పక్కకు తీసి ఆపింది.

"పట్టీ విప్పితే కారు కదలదు అత్తయ్యా."

"అలా చెప్పు. నా చేతుల మీద నమ్మకం లేదని చెప్పు."

మబ్రూకా కారు దిగి, అక్కడే పుచ్చకాయలు గుట్టగా పోసి అమ్ముతున్నవాడి దగ్గర చెల్లెలి కోసమని పెద్దది ఒకటి కొనుక్కొచ్చింది. డిక్కీలో పెడతానన్నాడు నజీబ్. దొర్లి పగిలిపోతుందని చెప్పి, ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పొదివి పట్టుకుంది. విదాద్ కారును మళ్లీ రోడ్డెక్కించింది.

కారు ఇంకా వేగం కూడా అందుకోలేదు. ఆలివ్ తోటలోంచి ఒక ముసలాయన మోపెడ్ మీద అటూ ఇటూ చూడకుండా రోడ్డెక్కాడు. విదాద్ బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. కారు ఆగింది. ముసలాయన చేయి ఊపి వెళ్లిపోయాడు.

పుచ్చకాయ మాత్రం ఆగలేదు. మబ్రూకా చేతుల్లోంచి జారి, ఎదుటి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని ముక్కలైంది. ఎర్రటి రసం అద్దం మీదా, ఆమె మోకాళ్ల మీదా చిమ్మింది. వెనక ఇలియాస్ ఉలిక్కిపడి, తండ్రి వేలు పట్టుకుని చూస్తున్నాడు.

మబ్రూకా తన ఖాళీ చేతుల వంక చాలాసేపు చూసుకుంది.

"గట్టిగానే పట్టుకున్నా విదాద్," అంది మెల్లగా.

"తెలుసు అత్తయ్యా."

"శక్తంతా పెట్టి పట్టుకున్నా." తలగుడ్డ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

విదాద్ కారు దిగి, అటువైపు తలుపు తీసి, అత్త ఒళ్లోని గింజలు ఏరింది, చేతులు తుడిచింది. "తప్పు నాది కూడా. మీతో ఒక్కమాట చెప్పకుండా సీటు తెచ్చి బిగించేశాను. మీరు వద్దంటారని భయపడ్డా."

"అనేదాన్నే," ఒప్పుకుంది మబ్రూకా. ఏడుపులోనే చిన్నగా నవ్వొచ్చింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆమె కొడుకును ముందుకు పంపేసి, తాను మనవడి పక్కన చేరింది. పట్టీ ఎలా పెట్టాలో కోడలినడిగి చూపించుకుని, తన చేతులతోనే బిగించింది. దారిలో వాడికి రొట్టె తుంచి పెట్టొచ్చని, ముందు కూర్చుంటే వాడి ముఖం ఇంత బాగా కనిపించేది కాదని తనలో తనే అనుకుంటున్నట్టు పైకే అంది.

"ఇక పోనీ," అంది కోడలితో. "తొందరేం లేదు, నెమ్మదిగా పోనీ."